మూడు వాట్ల పెద్దమనిషి

మా ఇంటి ఓనరుగారిని పడుకోబెట్టిన ఫ్రీజర్ బాక్సు ఆగకుండా గుర్రుమంటోంది. వచ్చినవాళ్లు దండ వేసి, ఒక చుట్టు తిరిగి, గోడవారన నిలబడి మెల్లగా మాట్లాడుకుంటున్నారు. నా బుర్రలో మాత్రం ఒకటే ఆలోచన. ఈ మనిషి బతికుంటే ఈపాటికి లేచి వచ్చి, చేతులు కట్టుకుని, "ఏం లేదు, ఆ కంప్రెసర్ కాసేపు ఆపుతారేమోనని" అని నసిగేవారు. ఆయన హాల్లో, అదీ సాయంత్రం ఆరు దాటాక, మోటరున్న వస్తువు అంత ధైర్యంగా తిరగడం నేను చూసింది అది రెండోసారి. మొదటిసారి తిప్పింది నేనే.

పక్కన ఎవరో పెద్దావిడ, "సంగీతమంటే ప్రాణమండీ ఆయనకి" అంటోంది. చావింట్లో కాదనలేం. ఇక్కడ అనొచ్చు. ఆయన పాట వినగా నేనెప్పుడూ చూడలేదు. ఆయన యాంప్లిఫయర్ వినేవారు. పాట దానికి వేసే మేత.

పటాన్‌చెరు దాటాక, ఇస్నాపూర్ వైపు ఒక కాలనీలో ఆయన ఇంటి పై భాగంలో మేం కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయనది మందుల ఫ్యాక్టరీలో షిఫ్టు ఉద్యోగం. ఓనరుగారు గోదావరి జిల్లా నుంచి కుర్రవాడిగా ఒక పెద్ద ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఉద్యోగానికొచ్చి, ఇక్కడే రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నవారు. ఇన్నేళ్లున్నా ఆ యాస ఒక్క అక్షరం అరగలేదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఓనర్లు అడిగే ప్రశ్నలు మాకు బాగా తెలుసు. ఎంతమంది ఉంటారు, మాంసం వండుతారా, గోడలకి మేకులు కొడతారా. ఆయన ఇవేవీ అడగలేదు. ఫ్రిజ్ ఏ రకం, మిక్సీ ఎన్ని వాట్లు, ఫోన్ చార్జర్లు ఎన్ని అని అడిగారు. మేం తెచ్చుకున్న ఎల్‌ఈడీ బల్బులన్నీ విప్పించి, అట్టపెట్టెలోంచి పాత పసుపు బల్బులు తీసి తన చేత్తో తనే బిగించారు. ఎల్‌ఈడీలు కరెంటులో మురికి కలుపుతాయట. మా కిరాయి ఒప్పందంలో అసలు షరతు ఒకటే. ఆరు నుంచి ఎనిమిది దాకా పైన మిక్సీ, మోటర్, వాషింగ్ మెషిన్ ఏదీ తిరగకూడదు. అది ఆయన వినే వేళ.

వినే వస్తువు ఎలా ఉండేదో చెప్పాలి. ఒక ఇనుప పళ్లెం. దాని మీద నిలబెట్టిన గాజు బుడ్లు. ఒక్కో బుడ్డిలో కుంపట్లో నిప్పులా ఎర్రటి తీగ. వాటిని వాల్వులు అనాలి. బుడ్లు అంటే ఆయన ముఖం మాడిపోయేది. ఆ యంత్రం కరెంటు ఫ్యానుకి రెండింతలు తాగేది, గదంతా వేడి చేసేది, చివరికి బయటికిచ్చేది మూడు వాట్లు. మా పడగ్గదిలో జీరో బల్బు అంతకన్నా గట్టిది. ఆ మూడు వాట్లు మనిషి చెవిన పడాలంటే మామూలు స్పీకర్లు చాలవు కాబట్టి, జోగిపేట అవతల మూతపడిన ఒక సినిమా హాల్లో తెర వెనకనుంచి రెండు హారన్ స్పీకర్లు ట్రాలీ ఆటోలో తెప్పించారు. గుమ్మంలో పట్టకపోతే కిటికీ ఊచలు కోయించి లోపలికి దించారు. అవి వచ్చిన రోజున ఆయన భార్య, మేం ఆంటీ అని పిలిచేవాళ్లం, ఆవిడ బట్టల అల్మారా వరండాలోకి వెళ్లింది. మళ్లీ లోపలికి రాలేదు. దోమకి ఏనుగు మీద ఊరేగింపు చేసినట్టుండేది ఆ హాలు.

ఇదంతా ఎందుకంకుల్, ఎక్కువ వాట్లది ఒకటి కొనుక్కోవచ్చు గదా అని మా ఆయన ఒకసారి అమాయకంగా అడిగారు.

"వాట్లు పెళ్లిళ్లకి కావాలి బాబూ. మన ఇంట్లో పెళ్లేముంది?" అన్నారాయన, జాలిగా.

మేం దిగిన వారంలోనే కిందికి పిలిచి వినిపించారు. ఫ్యాను ఆపేశారు. చప్పుడట. గదిలో కుర్చీ ఒక్కటే, సరిగ్గా మధ్యలో. రెండు స్పీకర్ల శబ్దం కలిసి నిలబడే చోటు అదొక్కటేనట. అందుకని రేషన్ షాపులో లాగా ఒకరి తర్వాత ఒకరం వెళ్లి కూర్చున్నాం. రికార్డు వేశారు. సూది కరకర, తర్వాత ఎవరో గొంతు సవరించుకున్నారు. అంతే, సూది లేపేశారు. మళ్లీ వేశారు. మళ్లీ గొంతు సవరింపు. "ఘటం వాయించే ఆయన. ఎడమ పక్కన, కొంచెం వెనక్కి కూర్చున్నాడు. తెలుస్తోందా?" అన్నారు కళ్లు మూసుకుని. తెలుస్తోందన్నాను. అది నా పెళ్లిచూపుల్లో వంటొచ్చని చెప్పడం లాంటి మాట. పాట ఎప్పుడు మొదలవుతుందని అడగబోతే మా ఆయన కాలు తొక్కారు.

ఆయన చెవి గురించి ఆయనకి చాలా గౌరవం. రోడ్డవతల ఇనుము కరిగించే మిల్లు ఉండేది. సాయంత్రం వీణ వింటూ వింటూ, "ఫర్నేస్ వేశారు వెధవలు, మంద్రం పలచబడింది" అనేవారు. నేను ఆరు దాటాక ఎప్పుడైనా దొంగతనంగా మిక్సీ ఒక్క తిప్పు తిప్పితే చాలు, రెండు నిమిషాల్లో మెట్ల మీద చెప్పుల చప్పుడు. చేతులు కట్టుకుని, నవ్వుతూ, "ఏం లేదమ్మాయ్. కొబ్బరి చట్నీయా?" అనేవారు. తప్పు పట్టరు. వెళ్లరు. ఆ నవ్వుతో అక్కడే నిలబడతారు. అప్పటికి మా బాబుకి రెండో ఏడు నడుస్తోంది. వాడికి ఆకలి సరిగ్గా ఆరున్నరకి వేసేది. వాడి పప్పన్నం నేను చేత్తో మెదిపి, ఎక్కడ పలుకు గొంతుకి అడ్డం పడుతుందోనని ప్రతి ముద్దకీ వాడి నోట్లోకి తొంగి చూస్తూ పెట్టేదాన్ని. కింద ఘటం ఆయన గొంతు మాత్రం సుఖంగా సవరించుకుంటూ ఉండేవాడు.

ఇక ఆయన పొద్దుటి పూజ. మా అత్తగారు హత్నూర నుంచి వచ్చి మా దగ్గర కొన్నాళ్లున్నారు. తెల్లారి లేచి బాల్కనీలోంచి చూస్తే, ఈయన స్నానం చేసి, తడి తలతో, పెరట్లో మూలన చిన్న గుంతలో చెంబుతో నీళ్లు పోస్తున్నారు. గుంతలో చెట్టు లేదు. మధ్యలో ఒక ఇనుప గొట్టం నిలబడి ఉంది.

"ఏంది బిడ్డా, సారు మొక్క లేని కుదురుకు నీళ్లు వోస్తుండు" అని అడిగారు అత్తమ్మ.

అది ఎర్తింగు. గుంతలో బొగ్గు, ఉప్పు వేసి, గొట్టం పాతి, యాంప్లిఫయర్‌కి ప్రత్యేకంగా భూమి తీగ కట్టుకున్నారు. నేల ఎండితే సెట్టులో రొద వస్తుందని రోజూ తడిపేవారు. అదంతా నేను అత్తమ్మకి విడమరిచి చెప్పాను. ఆమె విన్నారు. మర్నాడు పొద్దున ఆ గొట్టానికి పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, రెండు గన్నేరు పూలు పెట్టి వచ్చారు. భూమిలోకి పోయే దానికి మొక్కకపోతే ఎట్ల అన్నారు. ఆయన చూస్తే ఏమంటారోనని నేను వణికాను. ఆయన చూసి, ఎప్పటిలాగే నీళ్లు పోశారు. కుంకుమ తుడవలేదు. ఆ సాయంత్రం మాత్రం, ఇవాళ మృదంగం ఎడమ పక్క బాగా విచ్చుకుందని ఆంటీతో చెప్పారట.

ఆదివారాలు ఇద్దరు పాత సహోద్యోగులు వచ్చేవారు. ముగ్గురూ చెమటలు కక్కుతూ ఆ ఒక్క కుర్చీలో వంతులవారీగా కూర్చుని, తల ఒక పక్కకి వంచి, పట్టు అనేవారు, తేనె అనేవారు, కుడి పక్క కొంచెం బక్కగా ఉందనేవారు. పట్టుచీరల షాపులో కూడా అంత బేరం నడవదు. ఒకసారి ఆంటీ ఊడుస్తుంటే చీపురు తగిలి ఎడమ స్పీకరు వైరు ఊడిపోయింది. ఆంటీ చూశారు, చెప్పలేదు. ఆ ఆదివారం ముగ్గురూ ఒక్క స్పీకరే విని, ఇవాళ విశాలంగా ఉంది, గోడలు వెనక్కి జరిగినట్టుందని మురిసిపోయారు. ఆంటీ ఈ సంగతి మెట్ల మీద నాకు చెప్పినప్పుడు ఆమె ముఖంలో నవ్వు లేదు. ఉల్లిపాయల ధర చెప్పినట్టు చెప్పారు. "బాగుందన్నారుగా, ఇంక నేనెందుకు చెప్పడం" అన్నారు.

ఇంతవరకూ నాకు ఆయన ఒక వినోదమే. చలికాలంలో బాబుకి పిల్లికూతలు మొదలయ్యాక వినోదం పోయింది.

ఈ ప్రాంతంలో ఉన్నవాళ్లకి తెలుసు. పొద్దు గూకే వేళకి ఫ్యాక్టరీల గాలి బరువెక్కి కిందికి దిగుతుంది. ఒకరోజు కుళ్లిన గుడ్ల వాసన, ఒకరోజు నెయిల్ పాలిష్ వాసన. కిటికీలన్నీ మూసి, సందుల్లో తడిగుడ్డలు కుక్కినా వాడి ఛాతీ లోపలినుంచి ఈల వినపడేది. డాక్టరు నెబులైజర్ ఇచ్చారు. మందు పోసి, స్విచ్ వేసి, ముఖానికి మాస్కు పెడితే, ఆ పొగ పీల్చాక పిల్లవాడి పక్కటెముకల మధ్య గుంతలు పడటం ఆగేది. ఆ పొగ వస్తున్నంతసేపూ నేను నా ఊపిరి బిగబట్టి కూర్చునేదాన్ని. అందులో మోటరుంది. మొదటి రోజే మెట్ల మీద చెప్పుల చప్పుడు.

విషయం చెప్పాను. చాలా బాధపడ్డారు. పిల్లాడి తల నిమిరారు. నిమిరి, ఆ మిషన్ ఆరు లోపల పెట్టుకోవడం కుదరదా అని అడిగారు.

"దగ్గు ఆరు దాటినంకనే వస్తుంది అంకుల్."

"పిల్లలు కదా. మెల్లిగా అలవాటు చేస్తే టైముకి వస్తుందేమో."

దగ్గుని. టైముకి. నేను తలుపు వేసేశాను. ఆ తర్వాత నేను సంజాయిషీ చెప్పడం మానేశాను, ఆయన రావడం మానలేదు. అడ్డమేమీ చెప్పరు. కింద రొద ఎలా ఉందో వర్ణించి వెళ్తారు. అయ్యో, మా బాబు ఊపిరి తమరి వీణకి అడ్డం వచ్చిందా అని నా నాలుక చివరిదాకా వచ్చి ఆగేది. మా ఆయన వేరే ఇల్లు చూడటం మొదలుపెట్టారు.

ఎండలు ముదిరాక ఒక సాయంత్రం దగ్గు తిరగబెట్టింది. కాలనీలో ఏసీలన్నీ ఒకేసారి వేసుకున్నట్టున్నారు, మా పసుపు బల్బులు గుడ్డి దీపాలైపోయాయి. మా ఆయన రెండో షిఫ్టులో ఉన్నారు. నెబులైజర్ స్విచ్ వేస్తే అది మూలిగింది గాని పొగ రాలేదు. వోల్టేజీ చాలడం లేదు. బాబు మెడ దగ్గర గుంత పడుతోంది, పెదవుల చుట్టూ రంగు మారుతున్నట్టు నాకు కనిపించింది. ఆటోకి ఫోన్ చేస్తే హైవే మీద ట్రాఫిక్కట. అప్పుడు గుర్తొచ్చింది, ఈ ఇంట్లో ఒక్కచోట మాత్రం కరెంటు ఎప్పుడూ నిండుగా ఉంటుందని. గాజు బుడ్లకి చలి వేయకుండా ఆయన పెట్టుకున్న పెద్ద స్టెబిలైజర్. పిల్లవాణ్ని చంకనేసుకుని, మిషన్ ఇంకో చేత్తో పట్టుకుని కిందికి పరిగెత్తాను.

ఆరోజు హాల్లో హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి ఉన్నారు. ఈ వాల్వుల పిచ్చివాళ్లందరిలోకి పెద్ద పిచ్చివాడని పేరు. ఆయన వచ్చి బాగుందని ఒక్క మాట అనాలని ఈయన ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తున్నారు. ఆ పెద్దమనిషి కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. ఈయన గోడకి ఆనుకుని, పదో తరగతి రిజల్టు కోసం నిలబడ్డ పిల్లాడిలా ఉన్నారు.

"అంకుల్, జల్దీ ప్లగ్గు కావాలె. బాబుకి ఊపిరి అందుతలేదు" అన్నాను.

ఆయన నా వైపు చూశారు. బాబు వైపు చూశారు. తర్వాత కుర్చీ వైపు చూశారు.

"రెండు నిమిషాలమ్మాయ్," అన్నారు రహస్యంగా. "ఈ ముక్క అయిపోనీ."

నేను వంగి, స్టెబిలైజర్‌లో పెట్టి ఉన్న సెట్టు ప్లగ్గు లాగి పారేశాను. పాట వెంటనే ఆగలేదు. గాజు బుడ్లలో ఎరుపు మెల్లిగా నల్లబడుతుంటే, గొంతు మెట్లు దిగుతున్నట్టు కిందికి జారి, జారి, సన్నబడి పోయింది. ఆ చోట నెబులైజర్ పెట్టి స్విచ్ వేశాను. తెల్లటి పొగ దండిగా వచ్చింది. కళ్లు తెరిచిన పెద్దమనిషి సంగతేమిటో అర్థం చేసుకుని, లేచి, కుర్చీ నా వెనక్కి తోశారు. అందరూ వంతులేసుకుని కూర్చునే ఆ మధ్య కుర్చీలో నేను పిల్లవాణ్ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఆంటీ వచ్చి మాస్కు పట్టుకున్నారు. గది నిండా మోటరు రొద. కాసేపటికి వాడి మెడ గుంత నిండింది. ఇంకాసేపటికి వాడు మాస్కు లాగేయబోయాడు. లాగేయబోతున్నాడంటే బానే ఉన్నాడని.

అప్పుడు ఆంటీ స్టెబిలైజర్ వైపు చూసి, మొగుడి వైపు తిరిగారు.

"ఏవండీ, పక్కన ఇంకో ప్లగ్గు ఖాళీగా ఉందిగా. చెప్పలేకపోయారా?"

నేను చూశాను. నిజమే. నేను లాగిన దాని పక్కనే, ఖాళీగా ఇంకో ప్లగ్గు. ఏదీ పీకే అవసరమే లేకపోయింది.

ఆయన ఆ ఖాళీ ప్లగ్గు వైపు చూశారు. చివరికి, "మోటరు కదా… రొద వస్తుందని" అన్నారు. అని, తన మాట తనే విన్నారు. జీవితంలో ఆ చెవులు అంత స్పష్టంగా ఇంకేమీ విని ఉండవు. పెద్దమనిషి తన కాళ్ల వైపు చూసుకున్నారు. ఆంటీ కేకలేయలేదు. "ఇంక ఆ మిషన్ గురించి మీరు మెట్లెక్కితే మర్యాదగా ఉండదు" అని మాత్రం అన్నారు.

మర్నాడు పొద్దున్నే గోడకి బెజ్జం కొడుతున్న చప్పుడుకి లేచాను. ఆయన నిచ్చెనెక్కి, తన స్టెబిలైజర్ నుంచి మా పడగ్గదిలోకి ఒక వైరు లాగుతున్నారు. బాబు మంచం పక్కన కొత్త ప్లగ్గు బిగించి, దాని మీద కాగితం అంటించారు. "పిల్లాడికి మాత్రమే. మిక్సీ కాదు." క్షమించమని అడగలేదు. నేనూ క్షమించానని చెప్పలేదు. మిక్సీ పెట్టాలని నాకు రెండుమూడు సార్లు గట్టిగానే అనిపించింది.

వానలు పడ్డాయి. గాలి కడిగినట్టయింది. డాక్టరు మందు మార్చారు, బాబు ఈల ఆగింది, నెబులైజర్ అల్మారాలోకి వెళ్లింది. కింద కూడా ఎందుకో నిశ్శబ్దంగా ఉండేది. ఘటం ఆయన గొంతు సవరించుకోవడం లేదు, వీణ లేదు. అలిగారేమో, అలగనీ అనుకున్నాను. ఇల్లు ఇలాగే ఉంటే ఖాళీ చేయక్కర్లేదని కూడా అనుకున్నాను.

ఒక సాయంత్రం మెట్ల మీద చెప్పుల చప్పుడు వినపడింది. తలుపు తీస్తే, చివరి మెట్టు ఎక్కకుండా దాని కింది మెట్టు మీద ఆగిపోయి ఉన్నారు. ఆంటీ అన్న మాట ఆ ఒక్క మెట్టుతో నిలబెట్టారన్నమాట.

"నేను మిషన్ గురించి రాలేదమ్మాయ్."

"మరి?"

"మిషన్ గురించే. ఆపమనడానికి కాదు. పిల్లాడికి బాగా ఎక్కువైందా? రోజూ రెండేసి గంటలు పెడుతున్నారు. అంతసేపు పట్టకూడదేమో, ఓసారి డాక్టర్ని అడగండి."

నాకు అర్థం కాలేదు. "మిషన్ ఎక్కడ పెట్టినం అంకుల్? వానలు పడ్డకాన్నుంచి అది అల్మారల్నే ఉంది."

"లేదమ్మా, వినపడుతోందిగా. ఆరింటికి నేను సెట్టు ఆన్ చేయగానే గుంయ్‌మని మొదలవుతుంది. సరే, పిల్లాడికి పెట్టారు, అది అయ్యాక రికార్డు వేద్దామని కూర్చుంటాను. అవదు. ఎనిమిదింటికి సెట్టు కట్టేసి అన్నానికి లేస్తున్నాను. ఇన్నాళ్లూ వాడికి తగ్గకపోతే ఎలాగని…"

అంటే, పైన మా వాడు బిస్కెట్లు తింటూ మంచాలు దూకుతుంటే, కింద ఈయన రోజూ రెండు గంటలు చెమటలు కక్కుతూ, ఒక్క పాటా వేయకుండా, వాడి ఊపిరి కుదుటపడటం కోసం ఆ కుర్చీలో కాపలా కూర్చున్నారు. అడిగి తెలుసుకుందామంటే మెట్లెక్కకూడదు.

ఇంతలో బాబు చెంచా పట్టుకుని లోపలినుంచి పరిగెత్తుకొచ్చి ఆయన మోకాలి మీద ఒకటి వేశాడు. ఆయన వంగి వాణ్ని పట్టుకుని, నన్ను మాట్లాడొద్దన్నట్టు చెయ్యెత్తి, వాడి ఛాతీకి చెవి ఆనించారు. కళ్లు మూసుకున్నారు. తల కొంచెం ఎడమకి వంచారు. వాడు చక్కిలిగిలికి కిలకిలలాడుతున్నా వదల్లేదు.

"శుభ్రంగా ఉందమ్మాయ్" అన్నారు. "ఏ రొదా లేదు."

ముఖం వెలిగిపోయింది. ఆ వెలుగు అలాగే కాసేపు ఉండి, మెల్లిగా చల్లారింది. అప్పుడు తట్టిందాయనకి.

"అయితే ఆ గుంయ్ నా సెట్టుదే" అన్నారు.

నేను పెదవి కొరుక్కుని నిలబడ్డాను. మిల్లు, మిక్సీ, బల్బులు, చార్జర్లు, మా బాబు, అందరం ఆయన కళ్ల ముందు వరసగా నడిచి వెళ్లినట్టున్నాం. బాబుని దించి, గోడ పట్టుకుని మెట్లు దిగారు. సగంలో ఆగి, పైకి చూశారు.

"ఆంటీకి చెప్పకమ్మాయ్."

ఆయన కింది మెట్టు చేరేలోపు బాల్కనీలోకి వెళ్లి, పెరట్లో ఉన్న ఆంటీకి చెప్పేశాను.